నీళ్లు అడ్డొచ్చే డిస్క్ గోల్ఫ్ హోల్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉంటున్న మన మిత్రులు వారాంతాల్లో డిస్క్ గోల్ఫ్ ఆడటం మొదలుపెట్టాక నన్ను అడిగే సందేహాల్లో సగానికి సగం నీళ్ల గురించే. చెరువు దాటించడం ఎలా, పడితే ఎన్ని త్రోలు నష్టం, పోయిన డిస్కు మళ్లీ దొరుకుతుందా అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వారు నేరుగా వెళ్లవచ్చు. నియమాలు ఈ ఆటకు పెద్ద దిక్కయిన ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) సంస్థవి, ఇష్టాయిష్టాలు మాత్రం నావి.

## ఆటకు వెళ్లే ముందు

డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటి? అందులో చెరువులకు పనేమిటి?

గోల్ఫ్‌లో బంతిని గుంతలో వేస్తారు, ఇక్కడ డిస్కును, అంటే ఫ్రిస్బీ లాంటి ప్లాస్టిక్ పళ్లేన్ని, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో వేస్తారు. తొలి త్రో వేసే చోటును టీ అంటారు, అక్కడి నుంచి బుట్ట దాకా ఉన్న ఒక్కో దారి ఒక హోల్, దాన్ని వీలైనన్ని తక్కువ త్రోలలో ముగించాలి. గొలుసుల బుట్టను రూపొందించిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో తొలి శాశ్వత కోర్సు (ఆట స్థలం) వేశాడు, మరుసటి ఏడాది పీడీజీఏను స్థాపించాడు. 2002లో ఆయన పోయాక చితాభస్మాన్ని కొన్ని డిస్కుల తయారీలో కలిపారు. అలాంటి డిస్కు చెరువులో పడితే నిమజ్జనం కూడా అయిపోయినట్టే.

ఇక చెరువుల సంగతి. కోర్సులు ఎక్కువగా ఊరి పార్కుల్లో ఉంటాయి, పార్కుల్లో చెరువో వాగో ఉండనే ఉంటుంది. చెట్టుకు తగిలిన డిస్కు కింద పడుతుంది, అక్కడి నుంచి ఆడుకుంటాం. నీళ్లు డిస్కునూ మింగుతాయి, స్కోరునూ చెడగొడతాయి. అందుకే ఆ ఒక్క హోల్ దగ్గరికి రాగానే కబుర్లు ఆగిపోతాయి.

నేను కొత్తగా ఆడుతున్నాను. నీళ్లున్న హోల్ వదిలేసి ముందుకు పోవచ్చా?

సరదాగా ఆడుతుంటే ఎవరూ ఏమీ అనరు. అయినా వదలవద్దనే నా సలహా. చాలా కోర్సుల్లో ఒక్కో హోల్‌కు రెండు మూడు టీలు ఉంటాయి, దగ్గరి టీ నుంచి నీళ్లు తక్కువగా అడ్డొస్తాయి, ఒక్కోసారి అసలే రావు. అక్కడి నుంచి పాత పుట్టర్‌తో (దగ్గరి త్రోలకు వాడే డిస్కుతో) ఆడండి. పోయినా బాధపడని డిస్కు చేతిలో ఉంటే భుజం బిగుసుకోదు.

నీళ్లలో తేలే డిస్కులు ఉంటాయట, నిజమేనా?

నిజమే. ఇన్నోవా సంస్థ డ్రాగన్, వాహూ అనే డ్రైవర్లను (దూరం వేసే డిస్కులను), హైడ్రా అనే పుట్టర్‌ను తేలేలాగే తయారు చేసింది. మామూలుగా వాడే గట్టి ప్లాస్టిక్ డిస్కులు 175 గ్రాముల దాకా బరువుంటాయి, ఆ ప్లాస్టిక్ నీటికన్నా సాంద్రమైనది కనుక తిన్నగా అడుక్కు చేరతాయి.

అయితే తేలే డిస్కు తేలికగానూ ఉంటుంది, గాలికి త్వరగా లొంగుతుంది. గాలి బలంగా ఉన్న రోజు చెరువు మీద దాన్ని వాడితే, తేలే డిస్కు కాబట్టి దొరుకుతుంది గానీ, తేలికైన డిస్కు కాబట్టే నీళ్లలో పడుతుంది. గాలి లేని సాయంత్రం సాధన చేయడానికి మాత్రం చాలా మంచిది.

చెరువున్న కోర్సుకు ఏ రంగు డిస్కు తీసుకెళ్లాలి?

నారింజ, ముదురు గులాబీ, తెలుపు. నీలం, ఆకుపచ్చ, గోధుమ రంగులు నాచులో కలిసిపోతాయి. వెనకవైపు పేరు, ఫోను నంబరు చెరగని ఇంకుతో రాయడం మరవకండి.

## టీ మీద నిలబడ్డాక

మైదానంలో 250 అడుగులు వేస్తాను. చెరువు ఎదురైతే 180 కూడా దాటదు. ఎందుకిలా?

అందరికీ జరిగేదే. నీళ్లు చూడగానే "ఎలాగైనా దాటాలి" అని బలం పెంచుతాం, ఎత్తుగా వేస్తాం. అసలు తప్పు అక్కడే.

చెయ్యిని దగ్గరగా గమనించండి. భయంతో వేసేటప్పుడు మణికట్టు కొద్దిగా పైకి తిరుగుతుంది, బొటనవేలు డిస్కు వెనక అంచును నొక్కుతుంది, ముందు అంచు లేస్తుంది. ఆ కాస్త వాలు చాలు. డిస్కు గాలిని కోసుకుపోవడం మాని దానికి పొట్ట చూపిస్తుంది, గబగబా పైకి లేస్తుంది, చెరువు నడిమిన ఒక్క క్షణం నిలబడ్డట్టు కనిపిస్తుంది, ఆ తర్వాత ఎడమకు వాలి కిందికి జారిపోతుంది. బలం చాలక పడింది కాదు, ముక్కు లేచి పడింది.

దీనికి మందు మూడు పనులు. డిస్కును అరచేతి అడ్డంగా పోయే గీత వెంట పట్టుకోండి. తాళంచెవి తిప్పినట్టు మణికట్టును కొద్దిగా కిందికి తిప్పి ఉంచండి. చూపు నీళ్ల మీద గానీ ఆకాశం మీద గానీ పెట్టకుండా అవతలి ఒడ్డున ఛాతీ ఎత్తులో ఒక కొమ్మనో బోర్డునో ఎంచుకుని దానికేసి వేయండి. బలం మామూలుకన్నా కొంచెం తగ్గించినా నష్టం లేదు.

బోర్డు మీద 280 అడుగులని ఉంది. నేను అంత వేయలేను కదా?

ఆ అంకె బుట్ట దాకా ఉన్న దూరం. మీరు దాటవలసింది అవతలి ఒడ్డు వరకే. బుట్ట ఒడ్డుకు 90 అడుగుల లోపలికి ఉంటే గాల్లో దాటవలసినది 190 అడుగులే. వేసే ముందు నడిచి వెళ్లి ఒడ్డు ఎక్కడుందో చూసి రండి, లేదా లేజర్ దూరమాపకంతో కొలవండి. నీటి మీద చూపుకు ఆనవాళ్లు దొరకవు కాబట్టి కంటి అంచనాను నమ్మవద్దు. వాలుగా దాటుతుంటే దూరం ఇంకా పెరుగుతుందన్నదీ లెక్కలో ఉంచుకోండి.

చెరువు మీద గాలి వీస్తోంది. డిస్కు మార్చాలా?

తప్పకుండా. నీటి మీద చెట్ల అడ్డు ఉండదు, టీ దగ్గర ఆకు కదలకపోయినా నడిచెరువులో గాలి ఉండవచ్చు. అలల తీరు చూడండి, అదే సరైన సూచిక.

ఎదురుగాలిలో డిస్కు తన సహజ తీరుకన్నా ఎక్కువగా తిరగబడుతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్‌తో, అంటే చెయ్యిని ఛాతీకి అడ్డంగా వెనక్కి తీసి వేసేవారికి అది కుడివైపుకు పోయి తిరిగి రాదు. కాబట్టి తిరగబడని మొండి డిస్కు తీసుకుని తక్కువ ఎత్తులో వేయాలి. వెనకగాలి దూరం పెంచుతుందని చాలామంది అనుకుంటారు. ఎత్తుగా వేసిన డ్రైవర్‌కు కొంత నిజమే. పుట్టర్‌లను, మధ్యస్థ దూరాలకు వాడే మిడ్‌రేంజ్‌లను మాత్రం వెనకగాలి కిందికి నొక్కుతుంది, అవి ముందే ఎడమకు వాలి పడిపోతాయి. అందుకే నాకు ఎదురుగాలికన్నా వెనకగాలి అంటేనే భయం.

నీళ్లు ఎడమవైపు మాత్రమే ఉన్నాయి. ఎలా వేయాలి?

కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ చివర్లో ఎడమకు వాలుతుంది, అంటే నీళ్లవైపే. ఫోర్‌హ్యాండ్ (చెయ్యిని ఒంటి పక్క నుంచి విసిరే పద్ధతి) వచ్చినవారు అదే వాడాలి, అది చివర్లో కుడికి, నేలవైపుకు వాలుతుంది. రానివారు బుట్టకు బాగా కుడిగా గురిపెట్టి ఆ వాలుకు చోటు వదలాలి. ఎడమచేతివారికి ఇలాంటి హోల్ పండగే.

నేరుగా దాటించాలా, పక్కకు వేసుకుని తర్వాత చూసుకోవాలా?

చిన్న లెక్క వేయండి. నీళ్ల అవతల బుట్ట ఉన్న మూడు త్రోల హోల్ అనుకుందాం. దాటితే 2లో ముగుస్తుంది. పక్కకు వేసుకుంటే నిక్కచ్చిగా 3. నీళ్లలో పడితే బుట్టకు దగ్గర్లో డ్రాప్ జోన్ (పడ్డాక మళ్లీ వేయడానికి కేటాయించిన చోటు) ఉన్నచోట 4 అవుతుంది: వేసిన త్రో, జరిమానా, దగ్గరికి చేర్చే త్రో, దగ్గర నుంచి బుట్టలో వేసే పుట్. అంటే పదింటికి ఐదుసార్లు దాటించగలిగితే రెండు దారులూ సమానం, అంతకన్నా ఎక్కువైతే వేయండి.

డ్రాప్ జోన్ లేకుండా మళ్లీ టీ నుంచే వేయాలన్నచోట లెక్క మారుతుంది. అక్కడ పడ్డ ప్రతిసారీ రెండు త్రోలు కలుస్తాయి, మళ్లీ పడే అవకాశమూ అలాగే ఉంటుంది. సమానం కావాలంటే మూడింట రెండుసార్లు దాటాలి. కాబట్టి టీ బోర్డులో ముందుగా చూడవలసింది దూరం కాదు, డ్రాప్ జోన్ ఉందా లేదా అన్నది. మన లెక్కలో మనమే మోసపోయే చోటు మరొకటి ఉంది. నిన్న మైదానంలో వేసిన బారును బట్టి "పదికి ఎనిమిది దాటిస్తాను" అనుకోవద్దు, చెరువు ముందు వేసినవే లెక్కపెట్టండి.

## డిస్కు నీళ్లలో పడ్డాక

నీళ్లలో పడింది. ఎన్ని త్రోలు పోయాయి, ఎక్కడి నుంచి వేయాలి?

ఆ నీటిని ఓబీగా, అంటే ఆట హద్దుకు బయటిదిగా ప్రకటించి ఉంటే ఒక్క జరిమానా త్రో కలుస్తుంది. తర్వాత మీకు దారులున్నాయి: ముందు ఎక్కడి నుంచి వేశారో అక్కడి నుంచే వేయవచ్చు. డిస్కు చివరిసారి హద్దులో ఉన్న చోటు నుంచి ఒక మీటరు లోపు గుర్తు పెట్టుకుని వేయవచ్చు. డ్రాప్ జోన్ ఉంటే అక్కడి నుంచి వేయవచ్చు. పోటీల్లో నిర్వాహకులు కొన్ని హోల్స్‌కు ఈ దారులను కుదిస్తారు, ఆటకు ముందు ఇచ్చే కాగితం చదవండి.

"చివరిసారి హద్దులో ఉన్న చోటు" అన్నదే గొడవలన్నిటికీ మూలం. అది డిస్కు పడిన చోటు కాదు, హద్దు గీతను ఆఖరున దాటిన చోటు. డిస్కు చెరువు మొత్తం దాటి అవతలి గట్టు మీద చెట్టుకు తగిలి వెనక్కి దొర్లి నీళ్లలో పడితే, మీరు అవతలి గట్టు నుంచే వేయవచ్చు. అసలు దాటనే లేదంటే ఇవతలి గట్టే గతి. డిస్కు ఎక్కడ గట్టు దాటిందో తోటి ఆటగాళ్లను వేసిన వెంటనే అడగాలి. నడుచుకుంటూ అక్కడికి వెళ్లేసరికి ఒక్కొక్కరు ఒక్కో చెట్టు చూపిస్తారు.

నీటిని తాకి ఎగిరి గట్టు మీద పడింది. జరిమానా ఉందా?

లేదు. డిస్కు చివరికి ఎక్కడ ఆగిందన్నదే లెక్క. తక్కువ ఎత్తులో వేగంగా వచ్చే డిస్కు నీటి మీద ఒకటి రెండు గంతులు వేసి ఒడ్డెక్కడం నిజంగానే జరుగుతుంది. ఏ మొహమాటం లేకుండా అక్కడి నుంచి ఆడుకోండి.

తేలే డిస్కు వేశాను, అలలకు కొట్టుకొచ్చి ఒడ్డుకు చేరింది. ఇప్పుడు?

ఓబీయే. నీటి కదలిక వల్ల మాత్రమే కదులుతున్న డిస్కును ఆగిపోయినట్టే పరిగణిస్తారు. అలలు మోసుకొచ్చిన దూరం మీకు కలిసిరాదు. వాగులో ప్రవాహం మోసుకుపోయినా ఇదే నియమం.

సగం నీళ్లలో, సగం ఒడ్డు మీద ఉంది. లోపలా, బయటా?

డిస్కు పూర్తిగా ఓబీ ప్రాంతంలో ఉంటేనే ఓబీ. కొద్ది భాగం హద్దులో ఉన్నా లోపల ఉన్నట్టే. అయితే హద్దు గీత కూడా ఓబీలో భాగమే, కాబట్టి గీత మీద మాత్రమే ఉన్న డిస్కుకు రక్షణ లేదు. హద్దు నీటి అంచా, తాడా, పాతిన కర్రలా అన్నది ముందే తెలుసుకోండి. నీళ్ల మీదికి వంగిన కొమ్మకు చిక్కుకున్న డిస్కు కూడా ఓబీయే, హద్దు నిలువుగా పైకీ కిందికీ గోడలా ఉంటుందని అనుకోవాలి.

చాలామందికి తెలియని మరో వెసులుబాటు: లోపలే ఉండి, హద్దుకు మీటరులోపు ఆగిన డిస్కును గీతకు లంబంగా ఒక మీటరు వరకు లోపలికి జరుపుకోవచ్చు, జరిమానా లేదు. బుట్టకు దగ్గరవుతున్నా సరే. గట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి పుట్ వేసే విన్యాసాలు అక్కర్లేదు.

పడినట్టే ఉంది, కానీ ఎవరూ చూడలేదు. ఓబీ అనుకోవచ్చా?

నీళ్లలో పడిందనడానికి సరైన ఆధారం ఉండాలి: చప్పుడు, లేచిన నీళ్లు, ఒకరైనా చూడటం. అది లేకపోతే మూడు నిమిషాలు వెతకాలి, దొరక్కపోతే పోయిన డిస్కు కింద లెక్క. అప్పుడూ జరిమానా ఒక్కటే, కానీ ఆ త్రో వేసిన చోటుకే తిరిగి వెళ్లాలి. అనుమానం ఉన్నప్పుడు ముందుకు నడవకముందే తాత్కాలిక త్రో ఒకటి వేసి పెట్టుకోండి, వెనక్కి నడిచే పని తప్పుతుంది.

వాన నీటి గుంటలో పడితే?

నిర్వాహకులు ఓబీ అనని నీటికి జరిమానా ఉండదు. అందులో నిలబడి వేయవచ్చు, లేదా బుట్టకు డిస్కుకు మధ్య గీత గీసి, దాని వెంట వెనక్కి పొడి నేల వచ్చేదాకా జరగవచ్చు. ముందుకు కాదు.

నీళ్లను అందరూ హజార్డ్ అంటారు. నియమాల్లోనూ అంతేనా?

కాదు, ఇది డబ్బులున్న పోటీలో కొంప ముంచగలదు. నియమాల్లో హజార్డ్ అంటే, అందులో ఆగితే ఒక జరిమానా త్రో వేసుకుని డిస్కు ఉన్నచోటు నుంచే ఆడే ప్రాంతం. లోతు నీళ్లలోంచి ఆడలేం కనుక చెరువులను సాధారణంగా ఓబీగానే ప్రకటిస్తారు.

## చూడదగ్గ హోల్స్

అన్నిటికన్నా పేరున్నది ఏది?

సౌత్ కరొలైనా రాష్ట్రం రాక్ హిల్‌లోని విన్‌థ్రాప్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 17వ హోల్. 1999 నుంచి యునైటెడ్ స్టేట్స్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ ఆడే కోర్సు ఇది. ద్వీపం లాంటి గ్రీన్ (బుట్ట చుట్టూ ఉన్న స్థలం), దాని మీద పడితే సరే, లేకపోతే శిక్ష. తమాషా ఏమిటంటే ఈ ద్వీపం చుట్టూ ఉన్నది నీళ్లు కావు, గడ్డి మోపులు. దూరం కూడా ఆ స్థాయి ఆటగాళ్లకు లెక్కలోది కాదు. మరో ఒక్క హోల్ మాత్రమే మిగిలి ఉన్న దశలో వస్తుంది కాబట్టి ఆధిక్యంలో ఉన్నవారి చెయ్యి అక్కడ వణుకుతుంది.

అసలు నీళ్లు కావాలంటే అదే కోర్సులో 5వ హోల్ చూడండి. విన్‌థ్రాప్ చెరువు వెంట వంగుతూ సాగే పొడవాటి హోల్. ఎంత నీటిని కోసుకుంటూ వేస్తే అంత దారి తగ్గుతుంది, ఎంత అనేది ఆటగాడి ఇష్టం. నా దృష్టిలో 17కన్నా ఇదే గొప్పది. షార్లెట్ ప్రాంతంలో ఉన్న తెలుగువారికి రాక్ హిల్ పక్క ఊరి కిందే లెక్క, పోటీ జరిగే రోజుల్లో వెళ్లి 5వ హోల్ గట్టున కూర్చుంటే ఒక పూట ఇట్టే గడిచిపోతుంది.

మీకు బాగా నచ్చిన నీళ్ల హోల్ ఏది?

మాసచూసెట్స్ రాష్ట్రం లెస్టర్‌లోని మేపుల్ హిల్‌లో 8వది. క్రిస్మస్ చెట్లు పెంచే తోటలో వేసిన కోర్సు అది. 1వ హోల్‌లోనే పొడవాటి టీ నుంచి చెరువు దాటించమంటుంది, ఒళ్లు వేడెక్కకముందే పరీక్ష. 8 చిన్నది, బుట్ట నీటి ఒడ్డున రాళ్ల మధ్య కూర్చుని ఉంటుంది. దూరం వేయడం రాని వారికీ అందుతుంది, దూరం వేసేవారినీ వదలదు. దాటించడం కష్టం కాదు, దాటాక ఆగడం కష్టం. కొంచెం ఎక్కువైతే డిస్కు రాళ్లకు తగిలి వెనక్కి వస్తుంది. పుట్ తప్పినా నీళ్లవైపు దొర్లుతుంది, అందుకే 20 అడుగుల పుట్ ముందు కూడా ఆలోచించాల్సిందే.

ఫీనిక్స్ దగ్గర ఫౌంటెన్ ఉన్న కోర్సు అంటారు, అది ఎలా ఉంటుంది?

అరిజోనాలోని ఫౌంటెన్ హిల్స్. ఎడారి మధ్యలో 28 ఎకరాల చెరువు, దాని నడుమ 560 అడుగుల దాకా నీటిని చిమ్మగలిగే ఫౌంటెన్, 1970లో పెట్టినది. కోర్సు చెరువు చుట్టూ తిరుగుతుంది, మెమోరియల్ ఛాంపియన్‌షిప్ పోటీలు ఏళ్ల తరబడి ఇక్కడ జరిగాయి. ఫౌంటెన్ గంటకోసారి లేస్తుంది. అది లేచినప్పుడు నీటి తుంపరలు ఎటు వాలుతున్నాయో చూస్తే గాలి దిశ ఎవరినీ అడగక్కర్లేదు. డిస్కులు తినడంలో ఈ చెరువుకు మంచి పేరే ఉంది, కొత్త డిస్కు సంచిలోనే ఉంచండి.

మంచి నీళ్ల హోల్‌కు గుర్తులేమిటి?

చుట్టుదారి ఉండాలి, ఆ దారికి ధర కూడా ఉండాలి. దాటించక తప్పదన్న హోల్‌లో బలం ఉన్నవాడికి పరీక్షే లేదు, లేనివాడికి అవకాశమే లేదు. మధ్యలో ఎక్కడైనా దాటవచ్చు, ఎంత కోస్తే అంత లాభం అన్నట్టు గట్టు వాలుగా సాగితే ఒకే హోల్‌ను పదేళ్ల పిల్లా ఆడుతుంది, ఆటే వృత్తిగా ఉన్నవాడూ ఆడతాడు. నీళ్లన్నీ ఎడమవైపే ఉన్న కోర్సు కుడిచేతివారికి అన్యాయం, అటూ ఇటూ మార్చి ఉండాలి. బుట్ట వెనక మాత్రమే నీళ్లుంటే అది ధైర్యంగా పుట్ వేసినవారికి శిక్ష. నాకది నచ్చదు, నచ్చేవారూ ఉన్నారు.

## డిస్కు వెతుక్కోవడం

మునిగిన డిస్కును ఎలా తీయాలి?

ఒడ్డుకు దగ్గరైతే మడిచి పెట్టుకునే పొడవాటి కర్ర చాలు. కాస్త లోతైతే తాడు కట్టిన ఇనుప పంజాను అవతలికి విసిరి అడుగున నెమ్మదిగా లాగాలి. గబగబా లాగితే బురద లేచి ఏదీ కనిపించదు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు, పోలరైజ్డ్ కళ్లజోడుతో చూస్తే నీటి మెరుపు తగ్గి అడుగు కనిపిస్తుంది. పడిన వెంటనే అవతలి గట్టున ఒక ఆనవాలు చూసి పెట్టుకోండి.

దిగి తీసుకోవచ్చా?

మోకాలి లోతు, అడుగు కనిపించే నీళ్లు, నిషేధం లేదు అంటే సరే. మిగిలినచోట్ల వద్దు. పార్కు చెరువుల అడుగున గాజు ముక్కలు, చేపల గాలాలు, కాలు దిగబడే బురద ఉంటాయి. ఫ్లోరిడాలో సంగతి ఇంకా తీవ్రం: 2022 మే నెలాఖరులో లార్గో పట్టణంలోని టేలర్ పార్కు చెరువులో డిస్కుల కోసం దిగిన ఒక మనిషి మొసలి జాతి ఆలిగేటర్ దాడిలో చనిపోయాడు. కొత్త డిస్కు ఇరవై డాలర్లకు దొరుకుతుంది.

వెతుకుతుంటే వేరేవారి డిస్కు దొరికింది. ఉంచుకోవచ్చా?

వెనక నంబరు ఉంటే సందేశం పంపండి. చాలామంది "మీరే ఉంచుకోండి" అంటారు, కానీ అడగాలి. నంబరు లేకపోతే పార్కులో పోయిన వస్తువుల పెట్టె ఉందేమో చూడండి.

చలికాలంలో చెరువు గడ్డకట్టింది. డిస్కు మంచు మీద ఉంది, ఇంకా ఓబీయేనా?

ఓబీయే. హద్దు ఆ ప్రాంతానికి సంబంధించినది, నీరు గడ్డకట్టిందా లేదా అన్నదానికి కాదు. డిస్కు కళ్లెదుటే కనిపిస్తుంది కనుక వెళ్లి తెచ్చుకోవాలనిపిస్తుంది, మంచు మందం ఎంతో తెలియకుండా అడుగు పెట్టకండి. పొడవాటి కర్ర సంచిలో ఉంటే ఒడ్డు నుంచే లాగవచ్చు.